డబుల్ క్లిక్ చేశాక... ఎంతసేపు?

నెట్‌సెంటర్లో గంటకింత అని లెక్క. కుర్చీలో కూర్చున్న క్షణం నుంచే మీటరు తిరుగుతుంది. ఐకాన్ మీద రెండుసార్లు నొక్కితే తెర మీద ఇసుక గడియారం బొమ్మ ప్రత్యక్షం. అది పోదు, పేజీ రాదు! 2000ల్లో కర్నూలు రాజ్‌విహార్ సెంటర్లోనైనా, కడప ఏడురోడ్ల కూడలి చుట్టుపక్కలైనా ఎంసెట్ ఫలితాల కోసం వరస కట్టిన ఇంటర్ పిల్లలకూ, వాళ్ల నాన్నలకూ ఈ నిరీక్షణ బాగా తెలుసు. బ్రౌజర్ తెరుచుకోవడానికి పట్టే అరనిమిషం కూడా వాళ్ల జేబులోంచే పోయేది.

మరి ఏ బ్రౌజర్ ముందు తెరుచుకునేది? చాలామంది అనుభవంలో ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరరే. అందులో దాని గొప్పతనం కన్నా విండోస్ చలవే ఎక్కువ. దాని భాగాలు చాలావరకు విండోస్‌తో పాటే మెమరీలోకి వచ్చేసేవి. పెళ్లికి ముందురోజే వచ్చి విడిదింట్లో దిగిన చుట్టం లాంటిదన్నమాట. 2004 నవంబర్ 9న తొలి వెర్షన్ విడుదలైన ఫైర్‌ఫాక్స్‌కు ఆ సౌకర్యం లేదు. ముహూర్తం వేళకు బస్సు దిగి పరుగెత్తుకుంటూ రావాల్సిందే. కానీ వచ్చాక పని బాగా చేసేది. ఒకే కిటికీలో నాలుగైదు ట్యాబ్‌లు తెరిచే వీలు అందులో మొదటినుంచీ ఉంటే, ఎక్స్‌ప్లోరర్‌కు 2006లో ఏడో వెర్షన్ వచ్చేదాకా ఆ భాగ్యం లేదు.

2008 సెప్టెంబర్ 2న గూగుల్ క్రోమ్ వచ్చింది. ముందొచ్చిన చెవుల కంటే వెనకొచ్చిన కొమ్ములు వాడి! ఒక్కో ట్యాబ్‌ను విడివిడి ప్రాసెస్‌గా నడపడం దాని పద్ధతి. ఒక పేజీ బిగుసుకుపోయినా పక్క పేజీలో సగం నింపిన దరఖాస్తు సాధారణంగా భద్రంగా ఉంటుంది. ఆఖరి తేదీన ఫారం నింపేవాళ్లకు ఇంతకన్నా ఏం కావాలి? దానికి మూల్యం మెమరీ. 512 ఎంబీ ర్యామ్ ఉన్న పాత డబ్బాల్లో పది ట్యాబ్‌లు తెరిస్తే క్రోమ్‌కూ ఆయాసమే.

సీమలో ఈ పోటీని తారుమారు చేసిన అంపైర్ ఇంకొకరున్నారు... కరెంటు! కంప్యూటర్ ఆన్ చేశాక తొలిసారి బ్రౌజర్ తెరవడాన్ని ‘కోల్డ్ స్టార్ట్’ అంటారు. అప్పుడు ఫైళ్లన్నీ హార్డ్‌డిస్క్ నుంచి రావాలి. మూసి మళ్లీ తెరిస్తే అది ‘వార్మ్ స్టార్ట్’. ఫైళ్లు అప్పటికే మెమరీలో ఉంటాయి కాబట్టి చిటికెలో పని. కరెంటు కోతలు లేని ఊళ్లో కోల్డ్ స్టార్ట్ రోజుకొక్కసారి. 2012 నాటి కోతల్లో, యూపీఎస్ బ్యాటరీ చేతులెత్తేసిన సెంటర్లో, రోజుకు ఎన్నిసార్లో! ‘అన్నా, కరెంటు పోయిన టైము లెక్కలోకి పట్టద్దు’ అని బేరం ఆడినా, తిరిగి లోడయ్యే టైము ఎవరి ఖాతాలో పడాలి? ఆ తగువు తేలేది కాదు. పత్రికల్లో వచ్చే వేగం పట్టికలు ఎక్కువగా మంచి కంప్యూటర్ల మీద తీసినవి కావడంతో ఈ బాధ వాటిలో కనిపించదు.

ఆలస్యమంతా ఎక్కడంటే... తిరిగే హార్డ్‌డిస్క్‌లో చదివే ముల్లు ఒకచోటి నుంచి ఇంకోచోటికి జరగడానికి దాదాపు 10 మిల్లీసెకన్లు పడుతుంది. బ్రౌజర్ లేవడానికి చెల్లాచెదురుగా ఉన్న వందల ముక్కలు చదవాలి. లెక్క మీరే వేసుకోండి. ఎస్‌ఎస్‌డీలో కదిలే ముల్లే లేదు. అందుకే పాత కంప్యూటర్‌కు బ్రౌజర్ మార్చడం కన్నా డిస్క్ మార్చడమే పెద్ద మందు.

తెలుగువారికి వేగం ఒక్కటే చాలేది కాదు. అప్పట్లో చాలా తెలుగు పత్రికల సైట్లు యూనికోడ్‌లో కాక సొంత ఫాంట్లలో ఉండేవి. ఆ ఫాంట్లను దానంతటదే దించుకునే ఏర్పాటు ఎక్స్‌ప్లోరర్‌కు ఉండేది. ఫైర్‌ఫాక్స్‌లో తెరిస్తే పిచ్చిరాతలే. ఆ రాతల్ని యూనికోడ్‌లోకి మార్చడానికి నాగార్జున వెన్న ‘పద్మ’ అనే ఎక్స్‌టెన్షన్ తయారుచేశారు. దాంతో తెలుగు వార్తలు చదవడానికి ఫైర్‌ఫాక్స్ కూడా పనికొచ్చింది.

ఎక్స్‌ప్లోరర్ కథ 2022 జూన్ 15న ముగిసింది. అనంతపురం జిల్లా మూలాలున్న సత్య నాదెళ్ల సారథ్యంలోనే మైక్రోసాఫ్ట్ దానికి వీడ్కోలు చెప్పింది. దాని స్థానంలో వచ్చిన ఎడ్జ్‌కు 2020 జనవరి నుంచి క్రోమ్ వాడే క్రోమియమే పునాది. ఇంజిన్ ఒకటే అయినప్పుడు ఈ రెంటి మధ్య తేడా వెతకడం కవలల్లో పొడుగెవరో చూడటం లాంటిదే. ఎడ్జ్‌లో ‘స్టార్టప్ బూస్ట్’ అని ఒకటుంది. కంప్యూటర్ ఆన్ కాగానే కొన్ని ప్రాసెస్‌లను వెనక సిద్ధం చేసి ఉంచుతుంది. పాత విడిదింటి చుట్టమే, కొత్త చొక్కాలో!

మీ ఇంట్లోనే పరీక్షించవచ్చు. ముందు హోమ్‌పేజీని ఖాళీగా పెట్టండి. లేకపోతే మీరు కొలిచేది బ్రౌజర్‌ని కాదు, నెట్‌ని. కంప్యూటర్ రీస్టార్ట్ చేసి, రెండు నిమిషాలు ఆగి, ఫోన్‌లో స్టాప్‌వాచ్ నొక్కుతూ తెరవండి. ఒక్కో బ్రౌజర్‌కు మూడుసార్లు, ప్రతిసారీ రీస్టార్ట్ చేసే. తర్వాత రోజూ వాడే పేజీలు పది తెరిచి, కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మీటలు కలిపి నొక్కితే వచ్చే టాస్క్ మేనేజర్లో మెమరీ ఎంత తింటోందో చూడండి. నాలుగు జీబీ ర్యామ్ ఉన్న కంప్యూటర్లో మొదటి అంకె కన్నా ఈ రెండోదే ముఖ్యం. ఎప్పుడో వేసుకుని మరిచిపోయిన ఎక్స్‌టెన్షన్లు తీసేసి ఇంకోసారి కొలిస్తే, నెమ్మదిగా ఉందనుకున్న బ్రౌజరే ముందుకు రావచ్చు.