చెరువూ సముద్రమే

మాది కరీంనగర్. సముద్రం చూడాలంటే వందల కిలోమీటర్లు పోవాలె. చిన్నప్పుడు చర్చిలో యేసు సముద్రాన్ని గద్దించిన కథ వింటుంటే నా కళ్లల్ల మానేరు డ్యామే మెదిలేది. అదేమంత తప్పు కాదని పెద్దయ్యాక తెలిసింది. ఆ కథ జరిగిన గలిలయ సముద్రం నిజానికి మంచినీటి సరస్సు. పొడవు 21 కిలోమీటర్లు, వెడల్పు 13. హీబ్రూలో ‘యామ్’ అంటే సముద్రమూ, సరస్సూ కూడా. కాకతీయుల కాలంనాటి ఘనపురం చెరువును మనం గణపసముద్రం అనడం లేదా!

గలిలయ సరస్సు సముద్రమట్టానికి 200 మీటర్లకు పైగా కింద, కొండల నడుమ ఉంది. చల్లగాలి కొండల మీది నుంచి దూకితే ఉన్నట్టుండి అలలు లేస్తాయి. మార్కు సువార్త 4వ అధ్యాయంలో దోనె నీళ్లతో నిండుతుంటే, యేసు వెనకభాగాన తలగడ మీద నిద్రపోతుంటాడు. (ఆ తలగడ ముచ్చట మార్కు ఒక్కడే చెప్పాడు.) శిష్యులు లేపితే లేచి గాలిని గద్దించాడు, నీళ్లు సద్దుమణిగాయి. విచిత్రమేమంటే, శిష్యులకు మరింత భయం పట్టుకున్నది తుఫాను ఆగినంకనే. తుఫానును అణిచేవాడు దేవుడని 107వ కీర్తన చెబుతుంది. మరి దోనెలో తమ పక్కన కూర్చున్నది ఎవరు?

ఈసారి ఆ అధ్యాయం చదివితే, తలగడ దగ్గర కాసేపు ఆగండి.