మోసినవాడే మిత్రుడు

నారాయణఖేడ్ ప్రాంతమందలి నాగల్‌గిద్ద వంటి గ్రామములలో సాయంవేళ చెడుగుడు ఆడు బాలురను చూచినవారికి ఒక సంగతి తెలిసియే యుండును. కూతకు వెళ్లినవాడు బక్కపలుచనివాడైనను, చురుకుగలవాడైనచో నలుగురు బలిష్ఠుల చేతులనుండి జారి గీత తాకి వచ్చును. బలమునకు కొలత దేహపరిమాణము కాదు. ఇంగ్లండులోని లీడ్స్ నగరవాసులకు ఈ సత్యమును ఏండ్ల తరబడి చూపినవాడు రాబ్ బర్రో.

అతడు ఆడినది రగ్బీ. కోడిగ్రుడ్డు ఆకారముగల బంతిని చేతబట్టి ముందునకు పరుగెత్తవలెను. ఎదుటివారు వానిని పట్టి నేల గూల్చుదురు. ఆజానుబాహువులకే ఇది తగిన ఆటయని లోకుల తలంపు. బర్రో ఎత్తు అయిదడుగుల అయిదంగుళములు మాత్రమే. అయినను 2001 మొదలు 2017 వరకు లీడ్స్ రైనోస్ జట్టు పక్షమున 492 పోటీలలో ఆడినాడు. ఆ జట్టుతో ఎనిమిదిసార్లు సూపర్ లీగ్ విజేతయైనాడు. 2011 తుదిపోటీలో సెయింట్ హెలెన్స్ వారి నడుమనుండి అతడు ఒంటరిగా దూసుకొనిపోయిన తీరును అభిమానులు నేటికిని తలచుకొందురు.

అట్టివానికి 2019 డిసెంబరులో, 37వ ఏట, మోటార్ న్యూరాన్ వ్యాధి సోకినట్లు తెలిసినది. మెదడునుండి, వెన్నుపామునుండి కండరములకు ఆజ్ఞలు చేరవేయు నాడీకణములు ఈ వ్యాధిలో క్రమముగా నశించును. ఆజ్ఞ అందని కండరము క్షీణించును. నడక, మాట, మ్రింగుట, తుదకు శ్వాస, ఒక్కొక్కటిగా తొలగిపోవును. పెక్కుమందిలో బుద్ధి మాత్రము నిలిచియుండి, తన దేహపతనమునకు తానే సాక్షియగును. దీనిని నయముచేయు మందు లేదు. దక్షిణాఫ్రికా వీరుడు యూస్ట్ వాన్ డెర్ వెస్ట్‌హైజన్ 2017లోను, స్కాట్లండు క్రీడాకారుడు డాడీ వియర్ 2022లోను ఈ వ్యాధికే బలియైనారు.

బర్రో తలుపులు మూసికొని కూర్చుండలేదు. తన క్షీణదశను దాచక లోకమునకు చూపినాడు. నోటిమాట పోయినపిదప కంటిచూపుతో నడుచు యంత్రముద్వారా, పూర్వపు ధ్వనిముద్రణలనుండి కూర్చిన తన గొంతుతోనే పలికినాడు. తనవంటి రోగులను లోకము గుర్తింపవలెననియే అతని తపన.

అతని పూర్వ నాయకుడు కెవిన్ సిన్‌ఫీల్డ్ ఊరకుండలేదు. మిత్రుని చొక్కామీది సంఖ్య 7 గనుక, 2020 డిసెంబరులో ఏడు దినములలో ఏడు మారథానులు పరుగెత్తి వ్యాధిగ్రస్తులకై ధనము కూర్చినాడు. ఒక్కొక్కటి 42 కిలోమీటర్లకు పైబడిన దూరము! 2023 మే నెలలో లీడ్స్ మారథానున బర్రోను చక్రముల కుర్చీలో కూర్చుండబెట్టి నెట్టుకొనుచు పరుగెత్తినాడు. గమ్యము ముంగిట ఆగి, మిత్రుని చేతులలోనికెత్తికొని గీత దాటించినాడు.

2024 జూన్ 2న, 41వ ఏట, బర్రో కన్నుమూసినాడు. మరునాడే లీడ్స్‌లో అతని పేరిట వ్యాధిగ్రస్తుల చికిత్సాకేంద్ర నిర్మాణమునకు శ్రీకారము జరిగినది.

ఉపాధ్యాయులు ఈ కథను పిల్లలకు చెప్పవలెను. నడువలేని సహాధ్యాయి మైదానపుటంచున కూర్చుండి ఆట చూచుచుండు పాఠశాలలు మనకును కలవు. చెడుగుడులో చచ్చినవానిని తోటి ఆటగాడు బ్రతికించుకొనవచ్చును. జీవితమున ఆ నియమము చెల్లదు. అయినను, గీత దాటువరకు మోయుటకు అడ్డేమున్నది?