విశాలనేత్రముల వెనుక

కన్నులు విశాలములైన బిడ్డను చూచి మురియని తల్లి యుండదు. మన కవులును వానిని సౌందర్యలక్షణముగనే వర్ణించిరి. కాని పసికందు కనుగ్రుడ్లు మరీ పెద్దవై, ఎడతెగక నీరు కారుచు, వెలుతురు చూడలేక రెప్పలు మూసికొనుచున్నచో అది అందము కాదు. పుట్టుకతో వచ్చిన గ్లకోమా కావచ్చును. కంటిలోని ద్రవము వెలికిపోవు దారి సరిగ ఏర్పడక ఒత్తిడి హెచ్చును, లేత కన్ను సాగును, దృష్టినాడి నశించును. నశించిన నాడి తిరిగి రాదు. ఆంధ్రప్రదేశ్‌లో 3,300 మంది శిశువులలో ఒకరికి ఈ వ్యాధి యున్నట్లు అంచనా వేసిరి.

దీని మూలమును వెదకినవారిలో డాక్టర్ డి. బాలసుబ్రమణియన్ ఒకరు. 1939లో జన్మించిన ఈ రసాయనశాస్త్రజ్ఞుడు 1965లో కొలంబియా విశ్వవిద్యాలయమున డాక్టరేటు పొందెను. హైదరాబాదు సి.సి.ఎం.బి.లో కంటికటకపు ప్రోటీనులను పరిశోధించి, ఆ సంస్థకే డైరెక్టరై, 1998లో ఎల్.వి. ప్రసాద్ నేత్రవైద్యసంస్థలో పరిశోధనభారము వహించెను.

అంతకు ముందే, 1997లో, సి.వై.పి. 1 బి 1 అను జన్యువునకు ఈ వ్యాధితో గల సంబంధము విదేశములలో తేలినది. బాలసుబ్రమణియన్ బృందము భారతీయ కుటుంబములను పరీక్షించి, ఆ జన్యువులోని క్రొత్త దోషములను 2002లో ప్రకటించినది. దోషము తల్లిదండ్రు లిరువురిలో గుప్తముగ నున్నచో వారి చూపు చెడదు; బిడ్డకు మాత్రము ప్రతి కాన్పునందును నాలుగింట ఒక పాలు ముప్పు కలదు. మేనరికమున, ఒకే తాత నుండి వచ్చిన దోషము ఇరువైపుల నుండి కలియుట సులభము.

ప్రయోగశాలలో తేలిన ఈ సత్యము మిర్యాలగూడ వంటి ఊళ్ళలో ఇంటింటికి చేరవలెను. తొలినెలలలోనే శస్త్రచికిత్స జరిగినచో పెక్కుమంది శిశువులకు చూపు దక్కును. పెద్దకన్నుల బిడ్డకు దిష్టి తీయుటకు ముందు కంటివైద్యునకు చూపుట మేలు.