క్యాప్సూల్ యంత్రం కొనేముందు

కలోంజి, మెంతి, మునగాకు, సునాముఖి వంటి మూలికల చూర్ణాలు మన గృహాలకు కొత్తవి కావు. అయితే వాటి చేదును, ఘాటును అందరూ భరించలేరు. క్యాప్సూల్ ఆ ఇబ్బందిని తొలగిస్తుంది. ఈ కారణంగానే కొన్ని కుటుంబాలు చూర్ణాన్ని క్యాప్సూళ్లలో నింపి విక్రయించడాన్ని జీవనోపాధిగా ఎంచుకోవాలని తలుస్తున్నాయి. కూడబెట్టిన సొమ్ముతోనో, నగలు కుదువబెట్టిన డబ్బుతోనో యంత్రం కొంటారు. ఎంపికలో పొరపాటు జరిగితే ఆ సొమ్ము వృథా అవుతుంది. నింపడంలో పొరపాటు జరిగితే కొన్నవారి ఆరోగ్యానికే హాని కలుగుతుంది. కనుక ఈ విషయమై కొంత ఆలోచన అవసరం.

మొదట అనుమతి

యంత్రం వెల అడగడానికి ముందే చట్టం ఏమంటున్నదో తెలుసుకోవాలి. మన దేశంలో యునానీ, ఆయుర్వేద, సిద్ధ ఔషధాల తయారీ 1940 నాటి ఔషధ, సౌందర్య సాధనాల చట్టం పరిధిలోకి వస్తుంది. విక్రయం కోసం తయారు చేసేవారు రాష్ట్ర అధికారుల నుండి లైసెన్సు పొందాలి. షెడ్యూల్ 'టి' నిర్దేశించిన స్థలం, పరిశుభ్రత, నిపుణుల పర్యవేక్షణ ఉండాలి. హకీములు, వైద్యులు తమ సొంత రోగుల కోసం తయారు చేసుకునే మందులకు మినహాయింపు ఉంది. బజారులో అమ్మేవారికి ఆ మినహాయింపు వర్తించదు. లైసెన్సు ఉన్న మరొకరి కర్మాగారంలో తయారు చేయించుకునేందుకు 'లోన్ లైసెన్సు' అనే పద్ధతి కూడా ఉంది. తక్కువ పెట్టుబడి గలవారు ఆ మార్గాన్ని పరిశీలిస్తే, అసలు యంత్రమే కొనవలసిన అవసరం రాకపోవచ్చు.

తొడుగు దేనితో చేశారు?

ఖాళీ క్యాప్సూళ్లు ప్రధానంగా రెండు రకాలు. మొదటిది జెలటిన్. ఇది జంతువుల చర్మం, ఎముకల నుండి వస్తుంది. ఆ జంతువు పంది కావచ్చు, పశువు కావచ్చు. చేపల నుండి తీసినది కూడా ఉంటుంది. రెండవది హెచ్‌.పి.ఎం.సి. ఇది వృక్షసంబంధమైన సెల్యులోజ్ నుండి తయారవుతుంది. జెలటిన్ మూలపదార్థం పూర్తిగా మారిపోయిందా లేదా అన్న విషయంలో ధర్మవేత్తల మధ్య భిన్నాభిప్రాయాలున్నాయి. సందేహానికి తావులేని వస్తువు లభిస్తున్నప్పుడు దానినే ఎంచుకోవడం మేలు. జెలటిన్ తొడుగులనే కొనదలిస్తే, అవి ఏ జంతువు నుండి వచ్చాయో, జిబహ్ ఎలా జరిగిందో తెలిపే హలాల్ ధ్రువపత్రం అడగాలి.

ఇందులో ఒక సాంకేతిక ప్రయోజనం కూడా ఉంది. జెలటిన్ తొడుగులో సుమారు 13 నుండి 16 శాతం తేమ ఉంటుంది. తేమను పీల్చే మూలికాచూర్ణాన్ని అందులో నింపితే, తొడుగు తన తేమను కోల్పోయి పెళుసుబారి పగులుతుంది. హెచ్‌.పి.ఎం.సి. తొడుగులో తేమ చాలా తక్కువ. అది అంత సులభంగా పగలదు. వెల మాత్రం ఎక్కువ.

పరిమాణం, తూనిక

క్యాప్సూళ్లకు అంకెలుంటాయి. అంకె పెరిగేకొద్దీ పరిమాణం తగ్గుతుంది. '00' పరిమాణంలో సుమారు 0.91 మి.లీ., '0'లో 0.68 మి.లీ., '1'లో 0.50 మి.లీ. చోటు ఉంటుంది. ఎంత బరువు పడుతుందన్నది చూర్ణం సాంద్రతను బట్టి ఉంటుంది. తట్టి సర్దిన చూర్ణం ఒక మిల్లీలీటరుకు 0.6 గ్రాములు తూగితే, '0' క్యాప్సూల్‌లో సుమారు 400 మిల్లీగ్రాములు, '00'లో సుమారు 550 మిల్లీగ్రాములు పడుతుంది. యంత్రపు పలకల రంధ్రాలు ఒక్కొక్క పరిమాణానికి వేరుగా ఉంటాయి. కనుక ముందు చూర్ణాన్ని తూచి, పరిమాణం నిర్ణయించి, తరువాతనే యంత్రం కొనాలి.

ఏ యంత్రం?

ఇంటి వాడకానికి 24 రంధ్రాల చిన్న ప్లాస్టిక్ పలక చాలు. చిన్న హకీమ్‌ఖానాకు 100 రంధ్రాలది, కొంత పెద్ద పనికి 300 రంధ్రాల చేతియంత్రం సరిపోతాయి. సెమీ ఆటోమేటిక్ యంత్రాలకు విద్యుత్తుతో పాటు గాలి కంప్రెసర్, వాక్యూమ్ పంపు కూడా కావాలి. రోజుకు 60 క్యాప్సూళ్ల సీసాలు 20 చొప్పున అమ్ముడైతే, కావలసినవి 1,200 క్యాప్సూళ్లు. అంటే 300 రంధ్రాల యంత్రంపై నాలుగు విడతలు మాత్రమే. అంతకు మించిన యంత్రం అప్పును పెంచుతుంది తప్ప ఆదాయాన్ని కాదు.

యంత్రాన్ని అమ్మకందారు చూపే పొడితో గాక, మీ చూర్ణంతోనే నడిపించి చూడండి. కలోంజి నూనెగింజ, మరీ మెత్తగా నూరితే నూనె ఊరి ముద్దకడుతుంది, అదిమే సూదులకు అంటుకుంటుంది. ఆకుచూర్ణాలు తేలికగా, ఉబ్బుగా ఉండి సమంగా సర్దుకోవు. చూర్ణాన్ని తాకే భాగాలు నాణ్యమైన స్టెయిన్‌లెస్ స్టీలుతో చేసినవా, విప్పి కడిగి ఆరబెట్టే వీలుందా, విడిభాగాలు దొరుకుతాయా అని విచారించండి. ఒక మూలిక అవశేషం మరొకదానిలో కలవకూడదు. సునాముఖి ధూళి కొందరిలో ఉబ్బసాన్ని, అలర్జీని కలిగిస్తుంది. నింపే స్త్రీలకు మాస్కు, గదికి గాలి తప్పనిసరి.

ఇరవై క్యాప్సూళ్ల పరీక్ష

ఇండియన్ ఫార్మకోపియా కొలమానం ఇది: 20 క్యాప్సూళ్లలోని చూర్ణాన్ని విడివిడిగా తూచి సగటు కట్టాలి. సగటు 300 మిల్లీగ్రాములు లేదా అంతకు మించితే, రెండింటికి మించి క్యాప్సూళ్లు 7.5 శాతం తేడా దాటరాదు. ఏ ఒక్కటీ 15 శాతం దాటరాదు. సగటు 400 అయితే, దాదాపు అన్నీ 370, 430 మధ్యనే ఉండాలి. యంత్రం కొనేముందు ఈ పరీక్ష చేయండి. కొన్న తరువాత ప్రతి విడతకూ చేయండి.

దివ్య ఖుర్ఆన్‌లోని 83వ సూరా పేరే 'అల్ ముతఫ్ఫిఫీన్', అంటే తూనికలో మోసం చేసేవారు. బజారు తక్కెడకు వర్తించే ఆ హెచ్చరిక మూతపడిన క్యాప్సూల్‌కు మరింతగా వర్తిస్తుంది. తక్కెడ ముల్లును కొనేవారు చూడగలరు. క్యాప్సూల్ లోపల ఎంత ఉందో చూడలేరు. సీసాపై 400 అని ముద్రించి 300 నింపితే అది మోసం. 500 నింపితే బలహీనులైన రోగులకు ప్రమాదం. కనుక యంత్రంతో పాటు మిల్లీగ్రాములు చూపే మంచి తూనికయంత్రాన్ని కొనండి. సొమ్ము రెండింటికీ చాలకపోతే, చిన్న యంత్రంతో సరిపెట్టుకోండి; తూనికలో మాత్రం పొదుపు చేయకండి.