కారులో ఫోను కలియనప్పుడు

సంఘసభ్యులకు మనవి. చౌటుప్పల్ మీదుగాఁ బోవు 65వ జాతీయ రహదారిపై కారు నడుపుచు ఫోను సవరించుట ప్రాణాపాయము. ముందు బండిని ప్రక్కకుఁ జేర్చి నిలుపవలెను.

ఛార్జి యెక్కుచున్నను కారు తెరపై దారిపటము రాకున్నచో ఫోను చెడెనని తలఁపరాదు. మేము చూచినంతలో దోషము తఱచుగాఁ గేబులుదే. సాధారణ యూఎస్‌బీ కేబులులో నాలుగు తీగలుండును: రెండు విద్యుత్తునకు, రెండు సమాచారమునకు. కొన్ని చౌక కేబులులలో రెండవ జత యుండదు. కావున మొదటఁ గేబులు మార్చి చూడుఁడు. పిదప ఫోను ఆపివేసి, రంధ్రములోని దుమ్మును పొడి చెక్కపుల్లతో మెల్లఁగాఁ దీయుఁడు.

బ్లూటూత్ కలియనిచో ఫోనులోను, కారులోను పాత జతను తొలఁగించి మరల జతపఱుపుఁడు.

ఇవి చేసి చూడక క్రొత్త ఫోనుకై యప్పు చేయవలదు.