రబ్బరు పడవకు ఎన్ని హెచ్‌పీ?

గరివిడిలో మోటారు అంటే ముందు బోరు మోటారే గుర్తొస్తుంది. బోరు ఎంత లోతు, నీరు ఎక్కడ పడింది, ఎన్ని ఎకరాలు తడవాలి అని లెక్క చూసుకున్నాకే మూడు హెచ్‌పీయా, ఐదా అని తేల్చుకుంటారు. పక్క పొలంవాళ్లు ఏడున్నర దించారని మనమూ దించితే కరెంటు కాలుతుంది తప్ప బోరులో నీరు ఊరదు. మా రైతుకి ఈ సంగతి ఎవరూ చెప్పక్కర్లేదు. అదే మనిషిని పడవకు ఎంత ఇంజను కావాలని అడిగితే మాత్రం, 'పెద్దదైతే మంచిదే కదా' అంటాడు. ఆ మాట దగ్గరే ప్రాణాలు పోయే ప్రమాదం ఉంది. ఈ వ్యాసం రాయడానికి కారణం అదే.

గరివిడికి సముద్రం లేదు, పెద్ద ఏరూ లేదు. అయినా మా చుట్టూ నీటికి కొదవ లేదు. ఒక పక్క నాగావళి, ఇంకొంచెం ముందుకెళ్తే వంశధార, ఇటు చంపావతి, మధ్యలో లెక్కలేనన్ని గెడ్డలు. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. ఆ తర్వాత వంశధార పొంగింది. అలాంటి రోజుల్లో ఊళ్లలోకి వెళ్లగలిగేది లారీ మీద మడిచి తెచ్చి, ఒడ్డున గాలి నింపి, వెనక ఇంజను తగిలించి దింపే రబ్బరు పడవే. సహాయక దళాలవాళ్లు ఆ ఇంజనుని 'ఓబీఎం' అంటారు, అంటే ఔట్‌బోర్డ్ మోటారు. పడవ కడుపులో కాకుండా వెనక చెక్కకు బయట వేలాడుతుంది కాబట్టి ఆ పేరు.

ఈ యంత్రం కథ అమెరికాలో మొదలైంది. నార్వేలో 1877లో పుట్టి, పసితనంలోనే విస్కాన్సిన్ చేరిన ఓలే ఎవిన్‌రూడ్ మిల్వాకీలో యంత్రాల పని చేసేవాడు. ఒక ఎండాకాలం సరస్సు దగ్గర విహారానికి వెళ్లినప్పుడు, తర్వాత తన భార్య అయిన బెస్ కోసం అవతలి ఒడ్డు దాకా తెడ్డు వేసి ఐస్‌క్రీమ్ తెచ్చాడనీ, వచ్చేలోపు అది కరిగిపోయిందనీ, ఆ చిరాకులోంచే ఈ ఆలోచన పుట్టిందనీ చెప్పుకుంటారు. ఇలాంటి యంత్రాన్ని ఆయనకంటే ముందే కామెరాన్ వాటర్‌మన్ తయారుచేశాడు. కాని దాన్ని జనం చేతికి అందించింది మాత్రం ఎవిన్‌రూడ్ దంపతులే. 1909లో అమ్మకానికొచ్చిన వాళ్ల మోటారు శక్తి ఒకటిన్నర హెచ్‌పీ, బరువు 28 కిలోలు.

ఈ రెండు అంకెలూ గుర్తుంచుకోండి. ఒక హెచ్‌పీకి దాదాపు 19 కిలోల ఇనుము మోయాలి. ఎవిన్‌రూడ్ 1921లో మళ్లీ కంపెనీ పెట్టినప్పుడు అల్యూమినియం వాడి, రెండు సిలిండర్లతో మోటారుని తేలిక చేయడం మీదే దృష్టి పెట్టాడు. ఇవాళ రెండున్నర హెచ్‌పీ మోటారు సుమారు 17 కిలోలే. పదిహేను హెచ్‌పీ ఫోర్‌స్ట్రోక్ మోటారు 50 కిలోల దరిదాపుల్లో ఉంటుంది, అంటే హెచ్‌పీకి మూడు కిలోల పైచిలుకు. ఔట్‌బోర్డ్ మోటారు నూరేళ్ల చరిత్రంతా ఈ బరువు తగ్గించుకోవడమే. అంత తగ్గినా, వాన పడుతుంటే బురద గట్టు మీద 50 కిలోల మోటారుని ఇద్దరు మనుషులు భుజాన వేసుకుని దిగాలి. పుస్తకంలో చదివిన హెచ్‌పీ కంటే ఆ క్షణాన భుజం మీది బరువే నిజమైన సంఖ్య.

రబ్బరు పడవది మరో దారి. గాలి ఓడలు తయారుచేసిన జోడియాక్ అనే ఫ్రెంచి సంస్థలో పియెర్ డెబ్రుటెల్ అనే ఇంజనీరు 1930లలో గుర్రపు నాడా ఆకారంలో గాలి గొట్టాన్ని వంచి, వెనక రెండు కొసల మధ్య ఒక చెక్క బిగించాడు. మోటారు తగిలించడానికి చోటు దొరికింది ఆ చెక్కతోనే. చుట్టూ మెత్తటి గాలి, వెనక ఒక్కచోట గట్టి చెక్క. ఈ పడవ బలమూ బలహీనతా రెండూ అందులోనే ఉన్నాయి.

ఇప్పుడు అసలు లెక్కకి వద్దాం. మూడు మీటర్ల పడవ అనుకోండి. నీటిలో ఆనే పొడవు 2.7 మీటర్లు. పడవ కదిలినప్పుడు ముందు ఒక అల, వెనక ఒక అల లేపుతుంది. వేగం పెరిగేకొద్దీ ఆ రెండు శిఖరాల మధ్య దూరం పెరుగుతుంది. ఆ దూరం పడవ పొడవంత అయ్యేసరికి పడవ తాను లేపిన అలల గుంతలోనే ఇరుక్కుంటుంది. మన పడవకి ఆ హద్దు గంటకు ఏడున్నర కిలోమీటర్లు. అక్కడి దాకా రెండున్నర హెచ్‌పీ హాయిగా తీసుకెళ్తుంది. ఆ పైన శక్తి రెట్టింపు చేసినా వేగం రెట్టింపు కాదు. ముక్కు ఆకాశం కేసి లేస్తుంది, వెనక భాగం కుంగుతుంది, పెట్రోలు ఖర్చవుతుంది.

ఆ గుంతలోంచి బయటపడే దారి ఒకటుంది. పడవ తన అలనెక్కి, నీటిని చీల్చడం మానేసి నీటి మీద జారాలి. దానికి మొత్తం బరువులో ప్రతి 25 కిలోలకి సుమారు ఒక హెచ్‌పీ కావాలన్నది వాడుకలో ఉన్న మోటు లెక్క. ఇద్దరు మనుషులు, పడవ, మోటారు, పెట్రోలు డబ్బా అన్నీ కలిపి 250 కిలోలు అనుకుంటే పది హెచ్‌పీకి పడవ లేచి జారుతుంది. వెళ్లేటప్పుడు అలా జారుతూనే వెళ్లింది. తిరుగు ప్రయాణంలో మునిగిన ఇంటి అరుగు మీంచి నలుగురిని ఎక్కించుకున్నారు. బరువు 500 కిలోలైంది. ఇప్పుడు జారాలంటే ఇరవై హెచ్‌పీ కావాలి.

ఇక్కడే 'పెద్దదే పెడదాం' అన్న మాట వస్తుంది. తొందరపడొద్దు. పడవ వెనక చెక్క మీద ఒక చిన్న రేకు ఉంటుంది. గరిష్ఠంగా ఎన్ని హెచ్‌పీ, ఎంతమంది, ఎన్ని కిలోలు అని దాని మీద రాసి ఉంటుంది. ఆ రేకు మీద పదిహేను అని ఉంటే ఇరవై పెట్టకూడదు. పెద్ద మోటారు వెనక చెక్క మీద బరువు పెంచుతుంది, నడిపేవాడు కూర్చునేదీ ఆ పక్కనే. 50 కిలోల మోటారు, 70 కిలోల మనిషి వెనక, ముందు గాలి తప్ప ఏమీ లేదు. ఒక్కసారి పట్టు తిప్పితే ముక్కు లేస్తుంది, ఎదురుగాలి ఆ ముక్కు కిందకి దూరుతుంది. పడవ వెనక్కి తిరగబడుతుంది. అందుకే ఒంటరిగా నడిపేవాడు ముందు నీళ్ల డబ్బాలో, ఇసుక సంచులో పెట్టుకోవాలి. మోటారు ఆపే తాడు మణికట్టుకి కట్టుకోవాలి. మనిషి నీటిలో పడితే తాడు లాగి ఇంజను ఆగుతుంది. లేకపోతే ఖాళీ పడవ గుండ్రంగా తిరిగి ఆ మనిషి మీదికే వస్తుంది.

అలాగని చిన్నదే శరణ్యం కాదు. సోంపేట బీల అనే చిత్తడి నేలలోనో, ఊరి చెరువులోనో రెండున్నర హెచ్‌పీ చాలు. వరదలో ఏరు సెకనుకు మూడు మీటర్లు పారుతుందనుకోండి, అంటే గంటకు దాదాపు 11 కిలోమీటర్లు. గంటకు ఏడున్నర మాత్రమే పోగలిగే పడవని అందులో దింపితే, ఇంజను ఎంత అరిచినా ఒడ్డు మీది తాటిచెట్టు ముందుకే జరిగిపోతూ ఉంటుంది. అంటే పడవ వెనక్కి పోతోంది. చిన్న మోటారు తప్పు అంత నెమ్మదిగా, అంత స్పష్టంగా కనపడుతుంది. వరదలో బరువుతోనూ ఎదురీదాలంటే పడవే పెద్దది కావాలి. నాలుగైదు మీటర్ల పడవ, దాని రేకు ఒప్పుకున్నంతలో 25 నుంచి 40 హెచ్‌పీ. మోటారుని పెంచాలంటే ముందు పడవని పెంచాలి. ఈ వరస తిరగేయకూడదు.

హెచ్‌పీ తేలాక అందరూ మరిచిపోయేది పొడవు. మోటారు కాడ పొట్టిదైతే 15 అంగుళాల చెక్కకి, పొడుగుదైతే 20 అంగుళాల చెక్కకి సరిపడేలా చేస్తారు. చిన్న రబ్బరు పడవలకి ఎక్కువగా పొట్టిదే. ప్రొపెల్లరు పైన అడ్డంగా ఉండే రేకు పడవ అడుగుతో సమానంగానో, ఒక అంగుళం కిందకో ఉండాలి. పైకుంటే రెక్కలు గాలి పీల్చి ఊరికే తిరుగుతాయి. బాగా కిందకుంటే మోటారు కాడ నీటిని ఈడుస్తూ వేగం చంపుతుంది, అడుగున ఉన్న కంచె తీగకో, రాటకో ముందుగా తగిలేదీ అదే.

తగిలినప్పుడు ఏమవుతుంది? చిన్న మోటార్లలో ప్రొపెల్లరుని ఇరుసుకి కలిపేది ఒక చిన్న పిన్ను. దెబ్బకి అది విరిగిపోయి లోపలి పళ్ల చక్రాలని కాపాడుతుంది. అలాంటి మోటారుతో వరద నీటిలోకి వెళ్లేవాళ్ల జేబులో రెండు మూడు పిన్నులు, ఒక కటింగ్ ప్లేయరు లేకపోతే అది పనిచేయని ఇనుమే.

ఇనుము అన్నాను గనక మా ఊరి మాట ఒకటి. ఈ ప్రాంతంలో కోడూరు గనిలో 1890ల తొలినాళ్ల నుంచి మాంగనీసు తవ్వారు. ఆ గనిలోని ఒక రకం రాయికి ఎల్.ఎల్. ఫెర్మర్ అనే భూగర్భ శాస్త్రవేత్త 'కోడూరైట్' అనే పేరు పెట్టాడు. 1950లలో గరివిడిలో ఫేకర్ కర్మాగారం వచ్చాక ఆ ఖనిజాన్ని కరిగించి ఫెర్రో మాంగనీసు చేశారు. ఉక్కులో మాంగనీసు కలపకపోతే గంధకం వల్ల అది వేడి మీద సాగదీసినప్పుడు పగుళ్లిస్తుంది. ఔట్‌బోర్డ్ మోటారులో ఇరుసు, పళ్ల చక్రాలు ఉక్కువే. పెద్ద పడవల ప్రొపెల్లర్లకి ఏళ్ల తరబడి వాడిన 'మాంగనీసు కంచు' నిజానికి రాగి, తుత్తునాగం ఎక్కువగా ఉన్న ఇత్తడి. అందులో మాంగనీసు పాలు కొద్దిగానే, పేరు మాత్రం దానిదే. సముద్రం చూడని ఊరు సముద్రపు యంత్రానికి ఇచ్చిన వాటా ఇది.

ప్రొపెల్లరు విషయం ఇంకొక్కటి చెప్పాలి. దాని మీద రెండు అంకెలుంటాయి. మొదటిది వెడల్పు, రెండోది ఒక చుట్టుకి ఎన్ని అంగుళాలు ముందుకి తొలచుకుపోవాలన్నది. రెండో అంకె ఎక్కువైతే ఖాళీ పడవ పరుగెత్తుతుంది, బరువు పడితే ఇంజను మూలుగుతుంది. టాప్ గేరులో ఘాట్ రోడ్డు ఎక్కుతున్న లారీ లాంటిదది. మనుషుల్ని తేవలసిన పడవకి ఆ అంకె తక్కువుండాలి. నా దృష్టిలో అయిదు హెచ్‌పీ పెంచడం కంటే సరైన ప్రొపెల్లరు మార్చడమే మేలు, పైగా చవక.

మోటారు కొన్నాక మొదటి పరీక్ష వరదలో చేయకూడదు. మే నెలలో, వానలు పడకముందే, నిలకడ నీళ్లున్న చెరువుకి తీసుకెళ్లండి. మనుషుల బదులు ఇసుక బస్తాలు ఎక్కించండి, రేకు మీద రాసిన కిలోలు దాటకుండా. పట్టు పూర్తిగా తిప్పి నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతోందో చూడండి. చాలా మోటార్లకి అది 5,000 నుంచి 6,000 మధ్య, కచ్చితమైన అంకె మోటారుతో ఇచ్చిన పుస్తకంలో ఉంటుంది. అంతకి రాకపోతే ప్రొపెల్లరు మార్చండి. ఇంజను పక్కనుంచి చల్లబరిచే నీరు సన్నని ధారగా బయటికొస్తుంది, దాని మీద కన్నుంచండి. ధార సన్నబడితే వెంటనే ఇంజను ఆపి పైకెత్తి, అడుగున నీరు పీల్చే జల్లెడ చూడండి. మా చెరువుల్లో అయితే అందులో తూటికాడ తీగ చుట్టుకుని ఉంటుంది.