ఉద్దానం వైద్యపదాలు – ఆంగ్ల పదసంపద బోధన

శ్రీకాకుళం జిల్లా ఉద్దానం తీరప్రాంతాన్ని దీర్ఘకాలిక మూత్రపిండాల వ్యాధి దశాబ్దాలుగా పీడిస్తోంది. తత్ఫలితంగా క్రియాటినిన్, డయాలసిస్ వంటి పదాలు అక్కడి నిత్యవ్యవహారంలో చేరాయి. అయితే పదం వాడుకలోకి రావడం వేరు, దాని అర్థపరిధి తెలియడం వేరు. ఉన్నతస్థాయి ఆంగ్లపదాలను జాబితాలుగా వల్లెవేయించడం కంటే మూలధాతువుల ఆధారంగా కుటుంబాలుగా బోధించడం మేలు. అందుకు ఈ పదాలే తగిన ఉదాహరణలు.

ఈ వ్యాధిని వైద్యసాహిత్యం ‘క్రానిక్ కిడ్నీ డిసీజ్ ఆఫ్ అన్‌నోన్ ఇటియాలజీ’ అని వ్యవహరిస్తోంది. ‘క్రానిక్’ పదానికి మూలం కాలవాచకమైన గ్రీకు ‘క్రోనోస్’. క్రానికల్, క్రొనాలజీ, అనాక్రనిజం దీని సోదరపదాలు. కాబట్టి ‘క్రానిక్’ వ్యాధి కాలవ్యవధిని తెలుపుతుంది, తీవ్రతను కాదు. ‘ఇటియాలజీ’లోని ‘ఐతియా’ కారణాన్ని సూచిస్తుంది. అంటే ఈ పేరు కారణం నిర్ధారణ కాలేదని మాత్రమే చెబుతుంది. వ్యాధిని గుర్తించలేమని గాని, చికిత్స లేదని గాని చెప్పదు. ఈ భేదం తెలియకపోతే వైద్యనివేదిక అపార్థానికి దారితీస్తుంది.

‘డెమోస్’ అంటే ప్రజలు. డెమోక్రసీ, డెమోగ్రఫీ తెలిసిన విద్యార్థికి ‘ఎండెమిక్’, ‘ఎపిడెమిక్’ పదాల భేదం సులభగ్రాహ్యం. మొదటిది ఒక ప్రాంతప్రజల్లో స్థిరంగా ఉండే వ్యాధికి, రెండవది అసాధారణంగా ప్రబలే వ్యాధికి వర్తిస్తుంది. ‘లిసిస్’ అంటే విడదీయడం. డయాలసిస్, అనాలసిస్ రెండింటిలోనూ అదే ఉంది. సమాసానికి విగ్రహవాక్యం చెప్పగల తెలుగు విద్యార్థికి ఈ పద్ధతి కొత్తది కాదు.

ధాతుజ్ఞానానికి పరిమితి కూడా ఉంది. క్రియాటినిన్, పాంక్రియాస్ పదాలకు మాంసవాచకమైన ‘క్రియాస్’ మూలం. కాని క్రియాటినిన్ కండరాలనుంచి వెలువడే వ్యర్థమనీ, రక్తంలో దాని పెరుగుదల మూత్రపిండాల పనితీరు తగ్గడానికి సూచన అనీ ధాతువు చెప్పదు. ఆ జ్ఞానం సందర్భం వల్లనే కలుగుతుంది.

2023 డిసెంబరు 14న పలాసలో మూత్రపిండవ్యాధుల పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి ప్రారంభమయ్యాయి. ఇంటివారి వైద్యపత్రాలను చదివి చెప్పవలసిన బాధ్యత తరచు చదువుకునే పిల్లలదే. అందువల్ల పలాస, టెక్కలి కళాశాలల ఆంగ్లబోధనలో ప్రతి పదానికీ ధాతువు, సోదరపదాలు, నివేదికలోని వాక్యం, ఆ వాక్యానికి విద్యార్థి స్వయంగా రాసిన తెలుగు వివరణ – ఈ నాలుగు మెట్లు ఉండడం అవసరం. నాలుగవ మెట్టు లేనిదే పదం విద్యార్థికి స్వాధీనమైందని చెప్పలేము.